చిన్న విమానాశ్రయాలది మూడేళ్ళ ముచ్చటేనా?

రన్‌వేలు సిద్ధం - విమానాలే కరువు

న్యూఢిల్లీ: విమానాశ్రయాన్ని నిర్మించడం ఒక ఎత్తు కాగా, నిర్మించిన దానిని తెరచి ఉంచడం మరొక ఎత్తు. గత పదేళ్ళ కాలంలో దేశంలోని చిన్న పట్టణాల అనుభవం ఈ విషయాన్నే చాటుతున్నది. ఎంతో ఆర్భాటంగా ప్రారంభోత్సవం జరుపుకొన్న పలు విమానాశ్రయాలు రెండు మూడేళ్ళు తిరగకుండానే విమానం ముఖం చూడని స్థితికి చేరుకున్నాయి. రన్‌వే, టెర్మినల్ భవనం, అగ్నిమాపక శకటం, భద్రతా సిబ్బంది అన్నీ ఉన్నా, దిగే విమానం లేక, ఎక్కే ప్రయాణికుడు లేక అవి వెలవెలబోతున్నాయి.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2023 ఆగస్టులో పార్లమెంటుకు సమర్పించిన నివేదిక ఈ పరిస్థితిని అంకెలతో సహా వెల్లడించింది. ప్రాంతీయ విమాన సర్వీసుల పథకం 'ఉడాన్' కింద మూడవ విడత వరకు 774 మార్గాలను వైమానిక సంస్థలకు కేటాయించగా, వాటిలో 403 మార్గాలలో అసలు విమానమే ఎగరలేదు. సర్వీసులు ప్రారంభమైన 371 మార్గాలలో నిర్ణీత మూడేళ్ళ కాలాన్ని పూర్తి చేసుకున్నవి 112 మాత్రమే. ప్రభుత్వ సాయం నిలిచిపోయిన తరువాత కూడా 2023 మార్చి నాటికి తమంతట తాము నిలదొక్కుకొన్న మార్గాలు కేవలం 54. అంటే మొత్తం కేటాయింపులలో ఇవి ఏడు శాతం. ఈ 54 మార్గాలూ కలిపినది 17 ప్రాంతీయ విమానాశ్రయాలను మాత్రమే.

లోపం ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న ఢిల్లీలోని విమానయాన వర్గాలకు మాత్రమే పరిమితమైనది కాదు. కడప, బీదర్, నాందేడ్, జగదల్‌పూర్ వంటి ఊళ్ళ ప్రజలకు, విమానాశ్రయం కోసం ఎదురు చూస్తున్న వరంగల్, నెల్లూరు ప్రాంతాల వారికి కూడా దీనితో నేరుగా సంబంధం ఉన్నది.

పథకం పుట్టుక

కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో జాతీయ పౌర విమానయాన విధానాన్ని ప్రకటించింది. దానికి అనుగుణంగా అదే ఏడాది అక్టోబరులో 'ఉడాన్' పథకం రూపుదిద్దుకున్నది. అప్పటి పౌర విమానయాన శాఖ మంత్రి విజయనగరానికి చెందిన పి.అశోక్ గజపతిరాజు. సామాన్యుడు కూడా విమానం ఎక్కగలగాలన్నది పథకం లక్ష్యం. గంటసేపు, అంటే సుమారు 500 కిలోమీటర్ల ప్రయాణానికి టిక్కెట్టు ధర రూ. 2,500కు మించరాదని పరిమితి విధించారు. విమానంలోని సీట్లలో సగాన్ని ఈ పరిమిత ధరకే అమ్మవలసి ఉంటుంది. దీనివల్ల వైమానిక సంస్థకు వచ్చే నష్టాన్ని 'లోటు భర్తీ నిధి' పేరిట ప్రభుత్వం మూడేళ్ళ పాటు చెల్లిస్తుంది. ఆ మూడేళ్ళూ సదరు మార్గంలో పోటీ సంస్థ ఏదీ అడుగు పెట్టదు. ఎవరు తక్కువ సాయం కోరితే వారికి మార్గాన్ని కేటాయిస్తారు.

ఈ సొమ్ము నేరుగా కేంద్ర ఖజానా నుంచి వచ్చేది కాదు. ప్రధాన మార్గాలలో నడిచే విమానాలపై సుంకం విధించి ప్రాంతీయ నిధిని ఏర్పాటు చేశారు. మొదట్లో దూరాన్ని బట్టి ఒక్కొక్క విమానంపై రూ. 7,500 నుంచి రూ. 8,500 వరకు ఈ సుంకాన్ని నిర్ణయించారు. మరో విధంగా చెప్పాలంటే, ఢిల్లీ నుంచి ముంబయికి వెళ్ళే ప్రయాణికుడు తనకు తెలియకుండానే కడప ప్రయాణికుని టిక్కెట్టులో కొంత భాగం భరిస్తున్నాడన్న మాట. లోటు భర్తీలో సాధారణంగా 20 శాతం రాష్ట్ర ప్రభుత్వం వాటా. ఈశాన్య రాష్ట్రాలకు, కొండ ప్రాంతాల రాష్ట్రాలకు ఇది 10 శాతం. వీటికి తోడు విమానాశ్రయానికి అవసరమైన భూమిని, పోలీసు బందోబస్తును, అగ్నిమాపక సేవలను రాష్ట్రాలు ఉచితంగా సమకూర్చాలి. ఇంధనంపై అమ్మకం పన్నును ఒక శాతానికి తగ్గించాలి. విమానం దిగినందుకు, నిలిపి ఉంచినందుకు వసూలు చేసే రుసుములను సైతం రద్దు చేశారు. పాత ఎయిర్‌స్ట్రిప్‌లను పునరుద్ధరించేందుకు కేంద్ర మంత్రివర్గం 2017లో రూ. 4,500 కోట్లు మంజూరు చేసింది.

ఇన్ని రాయితీలు ఉన్నప్పటికీ ఫలితం అంతంత మాత్రంగానే మిగలడం గమనార్హం.

తొలినాటి మూడు మార్గాలు

ప్రధాని నరేంద్ర మోదీ 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ఈ పథకం కింద తొలి విమానానికి పచ్చజెండా ఊపారు. సిమ్లా - ఢిల్లీ సర్వీసుతో పాటు కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ సర్వీసులు కూడా అదే రోజున ప్రారంభమైనాయి. దేశానికి ఆదర్శంగా చూపిన ఈ మూడు మార్గాల చరిత్రను పరిశీలిస్తే పథకం కష్టాలన్నీ అందులోనే కనిపిస్తాయి.

సిమ్లాకు 2012లోనే విమానాలు నిలిచిపోయాయి. కొండ కొమ్మును చదును చేసి నిర్మించిన అక్కడి రన్‌వే చాలా పొట్టిది. ఎత్తయిన ప్రదేశం కావడం వల్ల గాలి పలుచన. పూర్తి బరువుతో పైకి లేవడం కుదరదు కనుక తిరుగు ప్రయాణంలో చాలా సీట్లను ఖాళీగా వదలక తప్పేది కాదు. 2017లో పునఃప్రారంభమైన సర్వీసు 2020లో కోవిడ్ సమయంలో ఆగిపోయి, తిరిగి 2022 సెప్టెంబరులో గాని మొదలు కాలేదు. నిలిచిపోయిన రెండున్నరేళ్ళ కాలంలో ప్రయాణికులు మళ్ళీ కల్కా రైలుకు, బస్సుకు అలవాటు పడ్డారు.

కడప విమానాశ్రయం 2015 జూన్‌లో ప్రారంభమైంది. బెంగుళూరు నుంచి ఎయిర్ పెగాసస్ అనే చిన్న సంస్థ కొన్ని నెలల పాటు విమానాలు నడిపింది. ఆ సంస్థ 2016 జూలైలో పూర్తిగా మూతపడింది. 'ఉడాన్' పుణ్యమా అని హైదరాబాద్ కేంద్రంగా గల ట్రూజెట్ 2017లో కడపకు వచ్చింది. చెన్నై, విజయవాడ సర్వీసులు కూడా ప్రారంభమైనాయి. సర్వీసులు కుదుటపడుతున్నాయని అనుకొనే లోపున, 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ సైతం ఆర్థిక ఇబ్బందులతో రెక్కలు ముడిచింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన నిధుల నుంచి లోటును భర్తీ చేస్తామని హామీ ఇచ్చిన మీదట 2022 మార్చి చివరి వారంలో ఇండిగో సర్వీసులు మొదలైనాయి. ఏడేళ్ళలో ఒకే ఊరికి మూడు సంస్థలు వచ్చాయి. అందులో రెండు కనుమరుగైనాయి.

నాందేడ్ పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. సిక్కుల పవిత్ర క్షేత్రం హజూర్ సాహిబ్ ఉన్న ఈ ఊరికి ఏడాది పొడుగునా పంజాబ్ నుంచి యాత్రికులు వస్తూనే ఉంటారు. ప్రయాణికుల కొరత లేని ఇటువంటి ఊరిలో కూడా ట్రూజెట్ తప్పుకొన్న తరువాత సర్వీసులు కుంటుపడ్డాయి. 2024 మార్చి చివరలో స్టార్ ఎయిర్ అనే మరొక సంస్థ బెంగుళూరు, ఢిల్లీ సమీపంలోని హిండన్, పంజాబ్‌లోని ఆదంపూర్‌లకు విమానాలు ప్రారంభించడంతో నాందేడ్‌కు మళ్ళీ ఊపిరి వచ్చింది. లోపం ఊరిలో లేదని, విమానం నడిపే సంస్థ ఆర్థిక బలంలో ఉన్నదని ఈ ఉదాహరణ రుజువు చేస్తున్నది.

ఎగరని ఒప్పందాలు

అసలు ఆదిలోనే పునాది బలహీనంగా పడింది. 2017 మార్చిలో తొలి విడత కేటాయించిన 128 మార్గాలలో ఎయిర్ ఒడిషాకు 50, ఎయిర్ డెక్కన్‌కు 34 దక్కాయి. అంటే మూడింట రెండు వంతుల మార్గాలు రెండు చిన్న సంస్థల చేతికి చిక్కాయి. వాటి వద్ద ఉన్నవి సుమారు 18 సీట్ల పాత విమానాలు. అవి కూడా వేళ్ళపై లెక్కించదగినన్ని మాత్రమే. కేటాయించిన మార్గాలలో అత్యధికం కాగితాలకే పరిమితం కాగా, ప్రభుత్వం 2018లో వాటి ఒప్పందాలను రద్దు చేయవలసి వచ్చింది.

దీని ఫలితాన్ని స్వయంగా అనుభవించిన ఊరు బస్తర్ ప్రాంతానికి కేంద్రమైన జగదల్‌పూర్. ప్రధాని 2018 జూన్ 14న అక్కడి నుంచి రాయ్‌పూర్‌కు తొలి విమానాన్ని ప్రారంభించారు. విశాఖపట్నానికి కూడా సర్వీసు నడిపే ఏర్పాటు జరిగింది. ఎయిర్ ఒడిషా నడిపిన ఈ సర్వీసు కొద్ది నెలలకే నిలిచిపోయింది. రైలు సదుపాయం అంతంత మాత్రంగా ఉన్న ఆ అటవీ ప్రాంతంలో పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలంటే రాయ్‌పూర్ వైపు గాని, ఘాట్ రోడ్డు మీదుగా విశాఖ వైపు గాని రోడ్డుపై గంటల తరబడి ప్రయాణించాలి. రెండేళ్ళ విరామం తరువాత, 2020 సెప్టెంబరు 21న ప్రభుత్వ రంగంలోని అలయన్స్ ఎయిర్ హైదరాబాద్ - జగదల్‌పూర్ - రాయ్‌పూర్ సర్వీసును ప్రారంభించింది. ప్రైవేటు సంస్థ వదలిపెట్టిన చోటికి చివరకు ప్రభుత్వ సంస్థే వెళ్ళవలసి వచ్చింది.

లెక్క ఎందుకు కుదరదు?

చిన్న విమానాశ్రయం ఆర్థిక సూత్రం చాలా కఠినమైనది. రోజుకు ఒక్క విమానం వచ్చినా, నలభై విమానాలు వచ్చినా కొన్ని ఖర్చులు తప్పవు. దిగే విమానం పరిమాణాన్ని బట్టి నిర్దేశించిన అగ్నిమాపక బలగం సిద్ధంగా ఉండాలి. ప్రయాణికులను, సామానును తనిఖీ చేసే యంత్రాలు, సిబ్బంది ఉండాలి. విమానాల రాకపోకల నియంత్రణ, వాతావరణ సమాచారం అందించే ఏర్పాట్లు ఉండాలి. పెద్ద విమానాశ్రయంలో ఈ ఖర్చు లక్షలాది ప్రయాణికులపై పంపిణీ అవుతుంది. చిన్న విమానాశ్రయంలో రోజుకు వంద మందిపై పడుతుంది. పైగా దుకాణాలు, ప్రకటనలు, కార్ల పార్కింగు ద్వారా పెద్ద విమానాశ్రయాలకు వచ్చే ఆదాయం ఇక్కడ ఉండదు.

ఒకప్పుడు ఈ నష్టాన్ని భరించడానికి ఒక మార్గం ఉండేది. 1995 ఏప్రిల్‌లో ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఢిల్లీ, ముంబయి వంటి చోట్ల వచ్చే లాభాలతో చిన్న విమానాశ్రయాలను పోషించేది. 2006లో ఢిల్లీ, ముంబయి విమానాశ్రయాలు ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళాయి. ఆ తరువాత అహమదాబాద్, లక్నో, మంగుళూరు, జైపూర్, గువాహటి, తిరువనంతపురం విమానాశ్రయాలు కూడా అదానీ సంస్థ నిర్వహణలోకి వెళ్ళాయి. వాటి నుంచి ప్రాధికార సంస్థకు ఆదాయంలో వాటా గాని, ప్రయాణికుల సంఖ్యను బట్టి రుసుము గాని అందుతున్నప్పటికీ, లాభాలు గడించే ఆస్తులు చేజారి నష్టాలు తెచ్చేవి మాత్రం ప్రభుత్వం చేతిలో మిగిలిపోయాయన్న విమర్శ ఉద్యోగ సంఘాల నుంచి వస్తూనే ఉన్నది.

ఇక విమాన సంస్థ లెక్క మరో విధంగా ఉంటుంది. నిర్వహణ వ్యయంలో సుమారు 40 శాతం ఇంధనానికే పోతుంది. ఇంధనంపై ఒక శాతం పన్ను రాయితీ చిన్న విమానాశ్రయంలో నింపుకొన్న దానికి మాత్రమే వర్తిస్తుంది. అనేక చిన్న విమానాశ్రయాలలో ఇంధనం నింపే వసతే లేదు. 70 సీట్ల విమానంలో 35 సీట్లను పరిమిత ధరకు అమ్మి, మిగిలిన 35 సీట్లపై లాభం చూసుకోవాలి. నగరాలలో విమానం దిగేందుకు వేళలు దొరకడం మరొక సమస్య. ముంబయిలో 180 సీట్ల విమానానికైనా, 70 సీట్ల విమానానికైనా రన్‌వేపై పట్టే సమయం ఇంచుమించు ఒకటే. అందువల్ల రద్దీ వేళల్లో చిన్న విమానానికి చోటు దొరకదు. అర్ధరాత్రో అపరాహ్ణమో దొరికిన వేళకు నడిపితే ప్రయాణికులు రారు.

అన్నింటికంటె ముఖ్యమైనది విశ్వాసం. నాలుగైదు విమానాలు మాత్రమే ఉన్న సంస్థలో ఒకటి మరమ్మతుకు వెళ్తే రెండు మూడు ఊళ్ళకు సర్వీసులు రద్దవుతాయి. రెండుసార్లు ఈ విధంగా జరిగితే, మరునాడు ఆసుపత్రిలో చూపించుకోవలసిన రోగి గాని, ఇంటర్వ్యూకు వెళ్ళవలసిన యువకుడు గాని ఆ విమానాన్ని నమ్మి టిక్కెట్టు కొనరు. రైలులో పడుకొని వెళ్ళడమే మేలని తీర్మానించుకుంటారు. ప్రయాణికులు తగ్గారని సంస్థ సర్వీసులను మరింత కుదిస్తుంది. విమానం రాదు కనుక ప్రయాణికుడు రాడు, ప్రయాణికుడు రాడు కనుక విమానం రాదు. ఈ విషవలయంలో చిక్కుకున్న విమానాశ్రయం అధికారికంగా మూతపడక ముందే ప్రజల మనసులలో మూతపడుతున్నది.

వాయుదూత్ నేర్పిన పాఠం

ఈ కష్టం కొత్తది కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా సంయుక్తంగా 1981లో 'వాయుదూత్' సంస్థను నెలకొల్పాయి. ఈశాన్య రాష్ట్రాలకు సేవలు అందించడం దాని తొలి లక్ష్యం. కాని ప్రజా ప్రతినిధుల ఒత్తిళ్ళతో దాని సర్వీసులు దేశమంతటా దాదాపు వంద ఊళ్ళకు విస్తరించాయి. విమానాల సంఖ్య, సిబ్బంది, రాబడి ఆ మేరకు పెరగలేదు. నష్టాలు పేరుకుపోవడంతో 1993లో సంస్థను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనం చేశారు. అది దిగిన అనేక ఎయిర్‌స్ట్రిప్‌లు పశువుల మేతకు, మోటారు వాహనాల శిక్షణకు ఉపయోగపడ్డాయి.

మరుసటి ఏడాది 1994లో విమానయాన రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరచినప్పుడు ప్రభుత్వం మరొక ఉపాయం ఆలోచించింది. లాభసాటి మహానగర మార్గాలలో విమానాలు నడిపే ప్రతి సంస్థ అందులో పదో వంతు సామర్థ్యాన్ని ఈశాన్యం, జమ్మూ కాశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ మార్గాలలో నడపాలని, సగం సామర్థ్యాన్ని ఇతర మార్గాలలో నడపాలని షరతు విధించింది. దీనివల్ల మారుమూల రాష్ట్రాల రాజధానులకు మేలు జరిగిన మాట వాస్తవం. అయితే సంస్థలు షరతును నెరవేర్చేందుకు ఎక్కువ మంది ఎక్కే పెద్ద ఊళ్ళనే ఎంచుకోవడంతో కడప వంటి ఊళ్ళకు ఒరిగింది లేదు.

ప్రాంతీయ సంస్థల ఆయుర్దాయం కూడా అంతంత మాత్రమే. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో రెక్కలు విప్పిన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ ఏడేళ్ళు నిండకుండానే నిలిచిపోయింది. తెలుగు పారిశ్రామికవేత్తలు స్థాపించిన రెండు సంస్థలూ ఈ విధంగా కనుమరుగు కావడం దక్షిణాదిలోని చిన్న ఊళ్ళకు పెద్ద దెబ్బ.

ఆరంభ శూరత్వం

గౌతమ బుద్ధుడు మహాపరినిర్వాణం పొందిన కుశీనగర్‌లో రూ. 260 కోట్ల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ విమానాశ్రయాన్ని ప్రధాని 2021 అక్టోబరు 20న ప్రారంభించారు. ఆనాడు కొలంబో నుంచి బౌద్ధ భిక్షువులతో తొలి విమానం వచ్చింది. నవంబరులో ఢిల్లీ సర్వీసు ప్రారంభమైంది. రెండేళ్ళు గడచేసరికి అది కూడా నిలిచిపోయింది. ఉత్తరప్రదేశ్‌లోనే ఆజంగఢ్, అలీగఢ్, మొరాదాబాద్, చిత్రకూట్, శ్రావస్తి విమానాశ్రయాలు 2024 మార్చి 10న ఒకే రోజున ప్రారంభమైనాయి. 19 సీట్ల చిన్న విమానాలతో మొదలైన అక్కడి సర్వీసులు కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

మహారాష్ట్ర తీరంలోని సింధుదుర్గ్‌కు 2021 అక్టోబరులో అలయన్స్ ఎయిర్ ముంబయి నుంచి విమానం ప్రారంభించింది. 2024 అక్టోబరులో మూడేళ్ళ సాయం గడువు ముగియడంతోనే ఆ సర్వీసును ఆపివేసింది. గడువు ముగియడం, విమానం ఆగడం ఒకే నెలలో జరగడం పథకంలోని లోపాన్ని ఎత్తి చూపుతున్నది.

సిక్కింలోని పాక్యాంగ్‌ది మరొక రకమైన సమస్య. హిమాలయాల ఒడిలో కొండ వాలుపై ఎత్తయిన గోడ నిర్మించి, దానిపై మట్టి నింపి తయారు చేసిన 1.7 కిలోమీటర్ల రన్‌వే ఇంజనీరింగ్ అద్భుతంగా ప్రశంసలు పొందింది. 2018 సెప్టెంబరులో ప్రధాని దానిని ప్రారంభించారు. అక్టోబరులో కోల్‌కతా నుంచి విమానాలు మొదలైనాయి. పొగమంచు కారణంగా పైలట్లకు రన్‌వే కనిపించక తరచు విమానాలు రద్దవుతూ ఉండడంతో 2019 జూన్‌లో సర్వీసులు ఆపివేశారు. 2021 జనవరిలో తిరిగి ప్రారంభించినా, ఆ తరువాత కూడా ఆగుతూ సాగుతూనే ఉన్నాయి. డబ్బుతో గోడ కట్టవచ్చును గాని, మబ్బును తొలగించలేమని పాక్యాంగ్ నిరూపించింది.

నిలదొక్కుకొన్నవి ఇవీ

అన్ని చోట్లా వైఫల్యమే అనుకోవడం కూడా సరికాదు. బీహారులోని దర్భంగాలో వైమానిక దళ స్థావరంలో ఒక చిన్న టెర్మినల్‌తో 2020 నవంబరు 8న పౌర విమానాలు మొదలైనాయి. మిథిలా ప్రాంతం నుంచి బతుకుతెరువు కోసం ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు వెళ్ళిన వారు లక్షల సంఖ్యలో ఉన్నారు. పండుగలకు, పెళ్ళిళ్ళకు వీరి రాకపోకలతో అక్కడి టెర్మినల్ కిక్కిరిసిపోతున్నది. ఒడిషాలోని ఝార్సుగుడా 2018 సెప్టెంబరులో ప్రారంభమైంది. చుట్టుపక్కల ఉన్న బొగ్గు గనులు, అల్యూమినియం, ఉక్కు కర్మాగారాలు దానికి ప్రయాణికులను సమకూర్చాయి.

ఈ రెండు ఊళ్ళకూ ఒక పోలిక ఉన్నది. దర్భంగాకు వలస కార్మికుల కుటుంబాలు, ఝార్సుగుడాకు పరిశ్రమలు అండగా నిలిచాయి. విమానం రాక ముందు నుంచే అక్కడ దూర ప్రయాణాలు చేసే ప్రజలు ఉన్నారు. విమానం వస్తే ప్రయాణికులు అదే వస్తారని భావించి కట్టిన విమానాశ్రయాలు నష్టపోగా, ప్రయాణికులు ఉన్న చోటికి విమానాన్ని తెచ్చిన విమానాశ్రయాలు నిలబడ్డాయి.

రాష్ట్రాలే దిక్కు

కేంద్ర సాయం ముగిసిన తరువాత భారం రాష్ట్రాలపై పడుతున్నది. కడప విషయంలో ఆంధ్రప్రదేశ్ ఆ బాధ్యత తీసుకోగా, బీదర్ విషయంలో కర్ణాటక అదే బాట పట్టింది. తెలంగాణ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న బీదర్‌కు 2020 ఫిబ్రవరిలో ట్రూజెట్ బెంగుళూరు సర్వీసు ప్రారంభించింది. అది ఆగిపోయిన తరువాత 2022లో స్టార్ ఎయిర్ వచ్చింది. 2023 చివరలో అది కూడా ఆగింది. చివరకు కర్ణాటక ప్రభుత్వం లోటును భరించేందుకు ముందుకు రావడంతో 2025 ఏప్రిల్‌లో విమానం మళ్ళీ దిగింది. ఒడిషా ప్రభుత్వం సొంతంగా ఇటువంటి పథకాన్నే అమలు చేసింది. 2022 అక్టోబరు 31న తొమ్మిది సీట్ల విమానంతో భువనేశ్వర్ - జయపురం - విశాఖపట్నం సర్వీసు మొదలైంది.

రైల్వే స్టేషనులో కూర్చునేందుకు చోటు లేని, పల్లెకు బస్సు లేని రాష్ట్రంలో విమాన ప్రయాణికునికి ప్రజాధనం ఎందుకు వెచ్చించాలన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. జగదల్‌పూర్ వంటి చోట విమానం విలాసం కాదు, రోడ్డుకు, రైలుకు ప్రత్యామ్నాయం. నాలుగు వరుసల రహదారి, వేగవంతమైన రైలు ఉన్న ఊళ్ళో మాత్రం అది నిస్సందేహంగా విలాసమే. ఈ రెండింటికీ ఒకే కొలమానం వర్తింపజేయడం వల్లనే నిధులు పలుచబడి, ఎవరికీ చాలకుండా పోతున్నాయి.

ఇరుగు పొరుగు దేశాల్లోనూ...

రాజకీయ ప్రతిష్ఠ కోసం నిర్మించిన విమానాశ్రయాలు పొరుగు దేశాలకు కూడా గుదిబండలైనాయి. శ్రీలంకలోని హంబన్‌తోట సమీపంలో చైనా రుణంతో నిర్మించిన మత్తల విమానాశ్రయం 2013 మార్చిలో ప్రారంభమైంది. ప్రయాణికులు లేక అక్కడి గోదాములలో ఒక దశలో ధాన్యం నిల్వ చేశారు. మిగిలిన ఒక్క అంతర్జాతీయ రెగ్యులర్ సర్వీసు కూడా 2018లో తప్పుకొన్నది. నేపాల్‌లో చైనా రుణంతోనే నిర్మించిన పోఖరా అంతర్జాతీయ విమానాశ్రయం 2023 జనవరి 1న ప్రారంభమైనా, విదేశీ సర్వీసుల కోసం ఎదురు చూపులు తప్పలేదు.

మరో వైపు అమెరికా 1978లో విమాన సంస్థలపై నియంత్రణ ఎత్తివేసినప్పుడు చిన్న ఊళ్ళ సర్వీసులు ఆగిపోకుండా ఒక చట్టబద్ధ పథకాన్ని తెచ్చింది. తొలుత పదేళ్ళకే ఉద్దేశించిన ఆ సాయాన్ని తరువాత శాశ్వతం చేశారు. అక్కడ కొన్ని ఊళ్ళకు సాయం ఆపివేయాలన్న వాదన ఉన్నప్పటికీ, ఏ ఊరికి హక్కు ఉన్నదో ముందుగానే తెలుసు. మన దేశంలో సాయం ఊరికి కాక మార్గాన్ని దక్కించుకొన్న సంస్థకు లభిస్తున్నది. సంస్థ పోతే సాయమూ పోతున్నది.

తెలుగు రాష్ట్రాల ముందున్న ప్రశ్న

నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయాన్ని పునరుద్ధరించాలన్న వరంగల్ ప్రజల చిరకాల కోరికకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం ఆమోదం తెలిపింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపున మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పంద నిబంధన ఇంతకాలం అందుకు అడ్డుగా నిలిచింది. ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, బసంత్‌నగర్ తదితర చోట్ల కూడా విమానాశ్రయాలు కావాలని తెలంగాణ కోరుతూ వచ్చింది. కుప్పం, దగదర్తి, ఒంగోలు, తుని - అన్నవరం, నాగార్జున సాగర్, తాడేపల్లిగూడెం, శ్రీకాకుళం ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్ ప్రతిపాదించింది. శ్రీకాకుళం ఎం.పి. కె.రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో పౌర విమానయాన శాఖ బాధ్యతలు స్వీకరించడంతో ఈ ఆశలు మరింత చిగురించాయి.

2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం పథకాన్ని సవరించి, రానున్న పదేళ్ళలో మరో 120 కొత్త గమ్యాలను కలుపుతామని, నాలుగు కోట్ల మంది ప్రయాణికులకు మేలు చేస్తామని ప్రకటించింది. అప్పటి వరకు 88 విమానాశ్రయాలను కలిపి, 619 మార్గాలలో సర్వీసులు ప్రారంభించామని, కోటిన్నర మంది ప్రయాణించారని వివరించింది. ప్రారంభమైన మార్గాల సంఖ్యను గొప్పగా చెప్పుకోవడం సహజమే. అయితే కాగ్ నివేదిక చదివిన వారు అడిగే ప్రశ్న వేరు. ఎన్ని ప్రారంభించారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే ఆ ప్రశ్న.

మూడేళ్ళ తరువాత సాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసే బదులు ఏడాదికి కొంత చొప్పున తగ్గించడం, ఒక సంస్థ తప్పుకొంటే మరొక సంస్థకు ఆ సాయాన్ని వెంటనే బదిలీ చేయడం, టెండరు వేసే సంస్థకు తగినన్ని విమానాలు ఉన్నాయో లేదో ముందే నిర్ధారించుకోవడం వంటివి ఆచరణ సాధ్యమైన చర్యలే. నగర విమానాశ్రయాలలో ప్రాంతీయ విమానాలకు అనువైన వేళలు కేటాయించడం కూడా ప్రభుత్వం చేతిలోని పనే. వీటికంటె ముందు చేయవలసినది, ఏ ఊరికి విమానం అవసరమో, ఏ ఊరికి మంచి రైలు చాలునో నిర్మొహమాటంగా తేల్చడం.

కొత్త విమానాశ్రయం కోరే ప్రతి ప్రాంతం వారు శంకుస్థాపన తేదీతో పాటు మరొక విషయాన్ని కూడా తమ ప్రతినిధులను అడిగి తెలుసుకోవలసి ఉన్నది. నాలుగో ఏడాది ఆ విమానం ఖర్చు ఎవరు భరిస్తారన్నదే అది. దానికి సమాధానం లేని చోట రన్‌వే వేయడం వల్ల పంట భూమి పోవడం తప్ప ప్రజలకు ఒరిగేది ఉండదు.